గోరూ, మొప్పా

కేజీహెచ్‌లో ఆపరేషన్ థియేటర్ బయట
నా పని చిన్నది.
నగలు తీయించి మూటగట్టడం, కట్టుడుపళ్ళుంటే డబ్బాలో వేయడం,
గోళ్ళరంగు తుడవడం.

దూది, ఎసిటోన్ సీసా, ఒక స్టీలు గిన్నె.
పన్నెండేళ్ళలో ఎన్ని రంగులు కలిశాయో అందులో,
ఎన్ని కలిసినా సాయంత్రానికి
వాడిన వంకాయ రంగే.

పూర్ణా మార్కెట్ ఇరవై రూపాయల ఎరుపు
తుడిచాక కూడా గోటిని పచ్చగా వదిలి పోతుంది.
కాలేజీ పిల్లల మెరుపుపొడి బీచి ఇసకలాంటిది,
ఎంత దులిపినా ఒక రేణువు నా మోచేతికి అంటి ఇంటికొస్తుంది.
ఇక జెల్లు. నీలిదీపం కింద గట్టిపడినది, దూదికి లొంగదు.
ఎమ్వీపీ కాలనీ పెళ్ళికూతురికి
ముహూర్తం ముందురోజు కడుపునొప్పి.
ఆకురాయితో పైపొర అరగదీసి, తడిదూది పెట్టి,
వేలు వేలుకీ వెండిరేకు చుట్టి కూర్చోబెట్టాను.
"పల్లీల పొట్లాల్లా ఉన్నాయక్కా" అని
ఏడుస్తూనే నవ్వింది.
తొందరపడి గీకకూడదు, గోరు పొర లేచొస్తుంది.
ఒకసారి గీకాను. ఆ అమ్మాయి ముఖం ఇంకా గుర్తుంది.

ఈ వాసన నాకు ఉద్యోగంతో రాలేదు.
మా నాన్న షిప్‌యార్డులో పెయింటరు.
సింధియా నుంచి సైకిలు మీద
ఆయనకంటే ముందు థిన్నరు వాసన ఇంటికొచ్చేది.
తొమ్మిదో తరగతిలో నేను కొన్న మొదటి సీసా
మూత తీసి వాసన చూసి పకపకా నవ్వాడు.
"ఇది మా సరుకే గదే!
బండికి పూసేది పలచన చేసి గోటికి పూస్తున్నారు."
కోతలనుకున్నాను. తర్వాత చదివాను,
నూరేళ్ళ కిందట మోటారుకార్ల నిగనిగే
సీసాల్లోకి దిగిందని.
అంతకు వేల ఏళ్ళ ముందు చైనాలో
గుడ్డుసొన, తేనెమైనం, పూలరసం కలిపేవారట.
అమ్మ మాత్రం ఒప్పుకోలేదు.
"గోరింటాకు గోరుతో పాటే పెరిగి పోతుందే,
నీది పెచ్చులూడి పోతుంది."

నాన్న చెప్పిన జాగ్రత్త ఒక్కటే,
"కిటికీ తీసి వేసుకో. పొయ్యి దగ్గర వద్దు."
ఆ మాట ఆయనకెవరూ చెప్పలేదు.
ఓడ కడుపులో కిటికీలుండవు.
ఈ ఆసుపత్రిలోనే, పై అంతస్తులో
ఆయన వేలికి క్లిప్పు పెట్టాను.
తుడవాల్సిన రంగేమీ లేదు.
ఎనభై ఒకటి.

ఈవేళ అర్జిల్లి కాసులమ్మ, పెదజాలరిపేట.
గర్భసంచి ఆపరేషను.
అరచేతుల నిండా కత్తిపీట గీతలు,
ఐసులో నాని నాని తెల్లబడిన వేళ్ళు,
వాటి చివర పది నీలిగోళ్ళు,
అంచులు దాటి చర్మం మీదికి ఒలికిపోయి.
"మా మనవరాలు ఏసింది రేత్రి. తీసీకమ్మా, గోల సేత్తాది."

"గోటి రంగు చూసే ఊపిరి కనిపెడతారు.
ఇలా ఉంటే నీలం నీదో సీసాదో
వాళ్ళకెలా తెలుస్తుంది?"

కాసేపు తన చేతులే చూసుకుంది.
"మావూ అంతేనే. మొప్ప ఎత్తి సూత్తాం.
ఎర్రగుంటే తాజా సేప.
మొప్పలకి రంగేసి అమ్మినోడున్నాడొకడు,
రేవులో నిలబెట్టి కడిగీసినాం."
అని చెయ్యి ముందుకు చాపింది.
"తీసీ."

పది వేళ్ళూ తుడిచాను. గిన్నెలో ఈవేళ
వంకాయ లేదు, నీలమే.
దుప్పటి సర్దుతుంటే కనబడింది,
సీసాలో మిగిలిన చుక్కతో కాబోలు
ఎడమకాలి చిటికెన గోరు మీద ఒక మరక.
నిబంధన ప్రకారం అదీ తీయాలి.
దూది తీసుకున్నాను.
దుప్పటి కిందికి లాగాను.

మధ్యాహ్నం రికవరీ గదిలో క్లిప్పు తొంభై ఎనిమిది చూపిస్తోంది.
నోరెండిపోయి, కళ్ళు సగం తెరిచి
కాసులమ్మ అంకె అడగలేదు.
"కాలుది... ఉందేటి?"